వడ్డీ లేని అప్పుకు దారి చూపిన పండితుడు: డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా



ఈ సంచికలో ఒక మహనీయుని జీవితం చెప్పుకుందామని అనుకున్నప్పుడు మా మనసులోకి చాలా పేర్లు వచ్చాయి. నవాబులు ఉన్నారు, వీరులు ఉన్నారు, సూఫీ పెద్దలు ఉన్నారు. చివరకు మేము తీసుకున్నది హైదరాబాదులో పుట్టి, పరాయి దేశంలో కన్నుమూసిన ఒక పండితుని పేరు. ఆయనే డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్. ఖురానె మజీదును ఫ్రెంచి భాషలోకి తెచ్చినవారుగా, హదీసు పరిశోధకులుగా ఆయన పేరు లోకమంతటా తెలుసు. వడ్డీ లేని అప్పు విషయంలో ఆయన చేసిన కృషి మాత్రం మన జిల్లాలో తెలిసినవారు తక్కువ. మన సంఘం పనికి అక్కరకొచ్చేది ఆ కృషే కనుక ముఖ్యంగా దాన్ని గురించే ఇక్కడ రాస్తున్నాము.

శుక్రవారం ఖుత్బాలో వడ్డీ హరాం అని ఇమాం సాహెబ్ చెబుతారు. మనమందరం తల ఊపుతాము. శనివారం పొద్దున అమ్మాయి కాలేజీ ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో, ఆటో టైర్లకో డబ్బు కావాల్సి వస్తుంది. అప్పుడు ఎక్కడికి పోవాలి? నగ తీసుకుని తాకట్టు అంగడికి పోవాలి. లేదా నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడి గుమ్మం ఎక్కాలి. వడ్డీ తప్పు అని చెప్పడం ఒక పని. ఆ తప్పు చేయకుండా బతికే దారి వేసి చూపడం మరొక పని. మొదటి పని చేసేవారికి ఎన్నడూ కొదువ లేదు. రెండవ పనికి పూనుకున్న కొద్దిమందిలో మన తెలుగు నేల మీద పుట్టిన హమీదుల్లా సాహెబ్ ఒకరు.

ఇంటి విద్య

హమీదుల్లా సాహెబ్ 1908వ సంవత్సరం ఫిబ్రవరి 19వ తేదీన, అనగా హిజ్రీ 1326 ముహర్రం నెలలో, హైదరాబాదు పాతనగరంలో జన్మించారు. వారిది నవాయత్ వంశం. అరబ్బు నేల నుంచి సముద్రం మీద వచ్చి కొంకణ తీరాన దిగి, తరువాత ఆర్కాటు, మద్రాసు ప్రాంతాలకు చేరిన కుటుంబాలకు ఆ పేరు. చదువు, ఖాజీ పదవి వాళ్ళలో తరతరాలుగా వచ్చినవి. తాతగారు ముహమ్మద్ సిబ్గతుల్లా సాహెబ్, బద్రుద్దౌలా అనే బిరుదు గలవారు, మద్రాసులో పేరుపడిన ఖాజీ, గ్రంథకర్త. మన నెల్లూరు సీమ కూడా 1801లో కుంపిణీ వారి చేతిలోకి పోయేదాకా ఆర్కాటు నవాబుల కర్ణాటక రాజ్యంలోనిదే గదా. ఆ విధంగా చూస్తే ఆయన పెద్దలు తిరిగిన నేల మనకు పరాయిది కాదు.

తండ్రి అబూ ముహమ్మద్ ఖలీలుల్లా సాహెబ్ హైదరాబాదులో స్థిరపడ్డారు. ఆ నగరంలో వడ్డీ లేని అప్పుల సంఘాలకు నాంది పలికినవారిలో ఆయన ఒకరని హమీదుల్లా జీవితం రాసినవారు చెబుతారు. ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పాలి. కొడుకు పెద్దయ్యాక ప్రపంచానికి చెప్పిన పాఠం తండ్రి ఇంట్లో కళ్ళారా చూసినదే. పుస్తకంలో మొదలైన పాఠం కాదు అది, ఇంటి అరుగు మీద మొదలైన పాఠం.

చదువు దారుల్ ఉలూంలోనూ, జామియా నిజామియాలోనూ సాగింది. ఆ తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1918లో ఏర్పడిన ఆ విశ్వవిద్యాలయంలో శాస్త్రమైనా, న్యాయమైనా, అర్థశాస్త్రమైనా ఉర్దూలోనే బోధించేవారు. ఉర్దూ మీడియం పిల్లలు పైకి రాలేరని ఈనాడు తేలికగా మాట్లాడేవారు ఉన్నారు. ఉర్దూలో చదివిన ఈ విద్యార్థి జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఇస్లామీ అంతర్జాతీయ న్యాయం మీద డాక్టరేటు పొందాడు. 1935లో పారిస్ నగరంలోని సోర్బాన్‌లో, ప్రవక్త (సఅసం) వారి కాలం, నలుగురు ఖలీఫాల కాలం నాటి దౌత్య పత్రాల మీద రెండవ డాక్టరేటు పొందాడు. ఇరవైకి పైగా భాషలతో ఆయనకు పరిచయం ఉండేదంటారు. చదువు ముగించుకుని హైదరాబాదుకు తిరిగి వచ్చి ఉస్మానియాలోనే అధ్యాపకులైనారు.

హైదరాబాదు అంజుమన్లు

ఆ రోజులలో హైదరాబాదు నగరంలో చిన్న జీతగాళ్ళ కష్టాలు ఇప్పటి మన కష్టాల లాంటివే. నెల జీతం ఇరవయ్యో తారీఖుకే అయిపోయేది. పెళ్ళి వచ్చినా, చావు వచ్చినా అప్పు తప్పేది కాదు. ఇచ్చేవాడు వడ్డీ మీద వడ్డీ కట్టేవాడు. ఈ ఉచ్చులో నుంచి బయట పడటానికి కొందరు ఉద్యోగులు, పెద్దలు కలిసి ఖర్జె హసనా సంఘాలు పెట్టుకున్నారు. వీటిని అంజుమన్ అని పిలిచేవారు. హమీదుల్లా సాహెబ్ ఈ అంజుమన్లను శ్రద్ధగా గమనించి, 1944 మార్చిలో ఆజంగఢ్ నుంచి వెలువడే మఆరిఫ్ పత్రికలో వాటి గురించి ఉర్దూలో ఒక వ్యాసం రాశారు. మన దేశంలో వడ్డీ లేని అప్పుల సంఘాల మీద వచ్చిన తొలి రచనలలో అది ఒకటి.

ఇటువంటి సంఘం ఎలా నడుస్తుందో ఒక చిన్న లెక్కతో చెబుతాము. నూరుమంది సభ్యులు నెలకు వంద రూపాయల చొప్పున జమ చేశారనుకోండి. నెలకు పదివేలు, ఏడాదికి లక్షా ఇరవై వేలు పోగవుతుంది. అందులో నుంచి అవసరమున్న సభ్యునికి, ఇద్దరు తోటి సభ్యుల హామీ మీద అప్పు ఇస్తారు. అతడు తీసుకున్నంతే వాయిదాలలో తిరిగి కడతాడు. తిరిగి వచ్చిన డబ్బు మరొకరికి పోతుంది. ఎవరైనా సంఘం నుంచి వైదొలిగితే తాను జమ చేసిన సొమ్ము తాను తీసుకుపోతాడు. లాభమూ లేదు, నష్టమూ లేదు. లెక్కల పుస్తకాలకు, కాగితాలకు అయ్యే నిజమైన ఖర్చుకు వేరే చందా ఉంటుంది. అప్పు పెద్దదైతే ఖర్చు పెరగదు, గడువు పొడిగితే ఖర్చు పెరగదు. వడ్డీకీ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఇదే పదివేలు బయట నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఏమవుతుంది? నెలకు మూడు వందలు, ఏడాదికి మూడువేల ఆరు వందలు. మూడేళ్ళు వడ్డీ మాత్రమే కట్టగలిగినవాడు పదివేల ఎనిమిది వందలు కట్టి ఉంటాడు. అసలు పదివేలు అలాగే నెత్తిన ఉంటుంది. మన వీధుల్లో ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళ మెడలు ఈ లెక్క వల్ల బోసిపోయినవో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

చీటీలు ఉన్నాయి గదా అని కొందరు అంటారు. చీటీలో పొదుపు అలవాటు ఉన్నది, మంచిదే. పాట పాడే చీటీలో మాత్రం ఎవరికి అవసరం ఎక్కువో వాడే ఎక్కువ తగ్గించి పాడతాడు, వాడే ఎక్కువ నష్టపోతాడు. అవసరం లేనివాడు చివరిదాకా కూర్చుని లాభం తీసుకుంటాడు. అంజుమన్‌లో ఇది తలకిందులు. అవసరం ఎక్కువున్నవాడికి ముందు వరుస, నష్టం ఎవరికీ లేదు.

శాస్త్రం చెప్పిన సంగతులు

1936లో హైదరాబాదు నుంచి వెలువడే ఇస్లామిక్ కల్చర్ అనే ఆంగ్ల పత్రికలో హమీదుల్లా సాహెబ్ ఆర్థిక సమస్యలకు ఇస్లాం చూపే పరిష్కారం మీదా, శ్రామికుని స్థానం మీదా ఒక వ్యాసం ప్రచురించారు. ఆర్థిక వ్యవహారాలను ఇస్లామీ దృష్టితో శాస్త్రంగా చర్చించిన తొలి ఆధునిక రచనలలో దాన్ని లెక్కిస్తారు. 1940లలో అదే ఉస్మానియాలోని మనాజిర్ అహ్సన్ గీలానీ సాహెబ్ ఇస్లామీ ఆర్థిక విధానం మీద ఉర్దూలో పెద్ద గ్రంథం రాశారు. అర్థశాస్త్ర ఆచార్యులు అన్వర్ ఇఖ్బాల్ ఖురేషీ సాహెబ్ వడ్డీ సిద్ధాంతం మీద ఆంగ్లంలో గ్రంథం రాశారు. ఈనాడు లోకం ఇస్లామిక్ బ్యాంకింగ్ అని పిలుస్తున్న విద్యకు పునాది రాళ్ళు కొన్ని మన హైదరాబాదులోనే పడినవని దీనివల్ల తెలుస్తుంది.

హమీదుల్లా సాహెబ్ ఎక్కువగా మదీనా జీవితాన్ని పరిశోధించారు. ప్రవక్త (సఅసం) వారు మదీనా వచ్చిన తొలి రోజులలో అక్కడి తెగలతో, యూదులతో కలిసి చేసుకున్న ఒడంబడికను ఆయన ప్రపంచంలో రాతలో ఉన్న మొదటి రాజ్యాంగం అని వాదించారు. అందులో ఒక చిన్న ఏర్పాటు ఆయన్ను ఆకర్షించింది. తెగలో ఒకడు శత్రువు చేతిలో బందీ అయినా, హత్య పరిహారం చెల్లించవలసి వచ్చినా ఆ భారం ఒక్కడి మీదే పడకుండా తెగ మొత్తం పంచుకోవాలని ఆ ఒడంబడికలో ఉన్నది. ఒక మనిషికి వచ్చిన ఆపద పదిమంది మోస్తే అది మోయగలిగిన బరువు అవుతుంది. ఇస్లామీ భీమాకు మూలం ఇక్కడే ఉన్నదని ఆయన చెప్పారు.

ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో బైతుల్ మాల్ నుంచి ప్రజలకు వడ్డీ లేని అప్పులు ఇచ్చిన సంగతీ, వ్యాపారానికి డబ్బు ఇచ్చి లాభనష్టాలు పంచుకున్న సంగతీ ఆయన తన గ్రంథాలలో వివరించారు. జకాత్ ఎవరెవరికి చెందాలో ఖురాన్ చెప్పిన ఎనిమిది వర్గాలలో అప్పుల భారంలో ఉన్నవారు ఒకరు. కనుక అప్పులో కూరుకుపోయినవాడిని లేవదీయడం దయతో చేసే పని మాత్రమే కాదు, సమాజం మీద ఉన్న బాధ్యత అని ఆయన అభిప్రాయం.

వడ్డీలోని దోషం ఎక్కడుందో ఆయన చెప్పిన తీరు మన పిల్లలకు కూడా అర్థమవుతుంది. ఇద్దరు కలిసి ఒక పని మొదలు పెట్టారు. ఒకడిది డబ్బు, ఒకడిది కష్టం. పని చెడిపోతే కష్టపడినవాడు మునిగిపోతాడు, డబ్బు ఇచ్చినవాడికి మాత్రం వడ్డీతో సహా రావాలి. అంటే ఆపద అంతా ఒక పక్కకే పోతుంది. ఇది న్యాయం కాదు. వ్యాపారానికి డబ్బు ఇస్తే లాభంతో పాటు నష్టం కూడా పంచుకోవాలి. కష్టంలో ఉన్నవాడికి ఇస్తే ఇచ్చినంతే పుచ్చుకోవాలి. ఈ రెండు మాటల మీదే ఇస్లామీ బ్యాంకు నిలబడుతుంది.

ఊరు విడిచిన జీవితం

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం తరఫున ఐక్యరాజ్య సమితికి వెళ్ళిన ప్రతినిధులలో న్యాయశాస్త్రం తెలిసినవారుగా హమీదుల్లా సాహెబ్ కూడా ఉన్నారు. ఆ నెలలోనే పోలీసు చర్య జరిగింది. సంస్థానం భారత యూనియన్‌లో కలిసిపోయింది. ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. ఫ్రాన్సులో శరణార్థిగా ఉన్నారే గాని ఏ దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు. నలభై ఏళ్ళ వయసులో ఊరు పోయింది, ఉద్యోగం పోయింది. పెళ్ళి చేసుకోలేదు. మిగిలినవి కలం, కాగితం, నమాజు.

పారిస్‌లో లిఫ్టు లేని ఒక పాత భవనంలో, పై అంతస్తులోని చిన్న వాటాలో ఆయన దశాబ్దాల తరబడి నివసించారు. 1954 నుంచి 1978 వరకు ఫ్రెంచి ప్రభుత్వ పరిశోధన సంస్థలో పని చేశారు. ఇస్తాంబుల్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి పాఠాలు చెప్పి వచ్చేవారు. హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యులైన హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ సంకలనం చేసిన హదీసు ప్రతిని బెర్లిన్, డమాస్కస్ గ్రంథాలయాల్లోని రాతప్రతుల ఆధారంగా వెలుగులోకి తెచ్చారు. హదీసులు రెండు వందల ఏళ్ళ తరువాత గాని రాతలోకి రాలేదన్న వాదానికి అది గట్టి సమాధానం అయింది. 1959లో ఆయన ఖురాన్ ఫ్రెంచి అనువాదం వెలువడింది. ప్రవక్త (సఅసం) వారి జీవిత చరిత్ర రెండు సంపుటాలుగా ఫ్రెంచిలో రాశారు. 1980లో బహావల్‌పూర్‌లో ఉర్దూలో ఇచ్చిన పన్నెండు ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చి ఉర్దూ చదివే ఇళ్ళన్నిటికీ చేరినవి.

ఇన్ని పనులలో మునిగి ఉండి కూడా ఆయన తన తండ్రి నాటి అంజుమన్‌ను మరచిపోలేదు. 1955లో ఇస్లామిక్ రివ్యూ పత్రికలో, ముస్లిం దేశాలు కలిసి వడ్డీ లేని ద్రవ్యనిధి ఒకటి పెట్టుకోవాలని సూచన చేశారు. చిన్న జీతగాళ్ళు తమ మధ్య చేసుకోగలిగిన పని దేశాలు తమ మధ్య ఎందుకు చేసుకోలేవు అన్నది ఆయన ఆలోచన. అప్పటికి లోకంలో పెద్ద ఇస్లామీ బ్యాంకు ఒక్కటి కూడా లేదు. 1963లో ఈజిప్టులోని మిత్ గమర్ అనే చిన్న పట్టణంలో రైతుల పొదుపుతో ఒక బ్యాంకు మొదలైంది. 1975లో దుబాయి ఇస్లామిక్ బ్యాంకు స్థాపితమైంది. అదే ఏడాది జిద్దాలో ఇస్లామిక్ డెవలప్‌మెంట్ బ్యాంకు పని ప్రారంభించింది. వీటన్నిటికీ ఆయన ఒక్కరే కారణమని మేము అనము. ఆ తోటలో ముందుగా విత్తనం వేసినవారిలో ఆయన ఉన్నారని మాత్రం గట్టిగా అనగలము.

బ్యాంకు బాధ్యత ఎంతవరకు?

ఇక్కడ ఒక ముఖ్యమైన ప్రశ్న ఉన్నది. బ్యాంకు పేరులో ఇస్లాం ఉంటే చాలునా?

మన దేశంలో 2013 కంపెనీల చట్టం ప్రకారం, ఒక స్థాయికి మించిన కంపెనీలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజం కోసం ఖర్చు చేయాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమలులోకి వచ్చింది. బడి గదులు, మంచినీళ్ళ ప్లాంట్లు, ఆసుపత్రి పరికరాలు అలా వచ్చినవి చాలా ఊళ్ళల్లో ఉన్నాయి. ఇది మంచి పనే. ఇక్కడ ముందు లాభం, తరువాత అందులో నుంచి ఒక వాటా. లాభం ఎలా వచ్చింది, ఎవరిని పిండితే వచ్చింది అన్న ప్రశ్న ఈ లెక్కలోకి రాదు.

హమీదుల్లా సాహెబ్ చెప్పిన విధానంలో బాధ్యత లాభం తరువాత వచ్చేది కాదు, అప్పు ఇచ్చే నిమిషంలోనే ఉండేది. ఇచ్చేవాడు నష్టంలో పాలు పంచుకుంటానని ఒప్పుకోవాలి. కష్టంలో ఉన్నవాడికి గడువు ఇవ్వాలి. ఖురాన్‌లో కూడా ఇబ్బందిలో ఉన్న బాకీదారుకు వెసులుబాటు వచ్చేదాకా గడువు ఇవ్వమనీ, మాఫీ చేస్తే మరీ మంచిదనీ ఉన్నది గదా. ఇస్లామీ ఆర్థిక సంస్థలకు ప్రమాణాలు రాసే బహ్రెయిన్ సంస్థ కూడా సామాజిక బాధ్యత మీద ప్రత్యేక నియమావళి తయారు చేసింది. అందులో ఖర్జె హసనాకూ, జకాత్‌కూ, బాకీదారుతో మర్యాదగా మెలగడానికీ చోటు ఉన్నది.

ఉన్న మాట చెప్పాలంటే, ఈనాటి పెద్ద ఇస్లామీ బ్యాంకులు చేసే వ్యాపారంలో ఎక్కువ భాగం వస్తువు కొని, కొంత పైన వేసి వాయిదాలకు అమ్మడమే. అది ధర్మసమ్మతమే కావచ్చు. లాభనష్టాల పంపకం, ఖర్జె హసనా మాత్రం వాటి లెక్కల్లో చిన్న మూలన ఉంటున్నవి. పేదవాడికి ఆ బ్యాంకు తలుపు కూడా మామూలు బ్యాంకు తలుపులాగే కనపడితే, పేరు మారి ఏమి ప్రయోజనం? ఇస్లామీ బ్యాంకును దాని భవనం చూసి కాదు, దాని దగ్గరికి వచ్చిన అతి బీదవాడు ఎలా తిరిగి వెళ్ళాడో చూసి కొలవాలి.

మన దేశపు బ్యాంకు చట్టాలు వడ్డీ మీదే నిలిచినవి. 2008లో రఘురాం రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను కూడా అనుమతించవచ్చునని సూచించింది. 2017లో రిజర్వు బ్యాంకు ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించింది. కనుక మనకు మిగిలిన దారి చట్టానికి లోబడి నడిచే చిన్న సంఘాలే. 1938లో సూరత్‌లో పట్నీ సహకార సంఘం, 1961లో దేవ్‌బంద్‌లో ముస్లిం ఫండ్, 1966లో హైదరాబాదులో తూర్ బైతుల్ మాల్ ఇలా వెలసినవే.

ఇంకొక హెచ్చరిక కూడా చేస్తున్నాము. హలాల్ అని బోర్డు కట్టి, నెలనెలా ఇంత లాభం తప్పక ఇస్తామని చెప్పి డిపాజిట్లు ఎత్తి, చివరకు మునిగిపోయిన కంపెనీలు ఉన్నాయి. వాటిలో ఎందరో ఆడవాళ్ళ కూడబెట్టిన సొమ్ము పోయింది. నష్టం మాట లేకుండా పెద్ద లాభం మాత్రమే చెప్పేవాడు ఏ భాషలో చెప్పినా అనుమానించాల్సిందే. నిజమైన పంపకంలో నష్టం మాట ముందు ఉంటుంది.

మన తీరానికి ఈ పాఠం

నెల్లూరు తీరం ఆపదల తీరం. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను, 2004 డిసెంబరు 26న వచ్చిన సునామీ మన పెద్దలకు జ్ఞాపకమే. వలా పడవా పోయినవాడు మళ్ళీ సముద్రం మీదికి పోవాలంటే ముందు అప్పు చేయాలి. అప్పు ఇచ్చిన షావుకారుకే చేపలన్నీ పోయాలి, ధర కూడా అతడు చెప్పిందే. ఇక రొయ్యల సంగతి. 1990ల మొదట్లో కయ్యలన్నీ గుంటలైనవి. 1994, 95 సంవత్సరాలలో తెల్లమచ్చల జబ్బు వచ్చి రొయ్యలు చచ్చి తేలినవి. రొయ్య చచ్చింది, వడ్డీ మాత్రం చావలేదు. డబ్బు ఇచ్చినవాడు ఆ నష్టంలో పాలు పంచుకునే ఒప్పందం ఉండి ఉంటే ఎన్ని కుటుంబాలు నిలిచేవో ఆలోచించండి.

చిన్న పొదుపు బలం ఏమిటో ఈ జిల్లాకు ఎవరూ నేర్పనక్కరలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద పోరాడి గెలిచారు. ఆ పోరాటం వెంటనే ఈ జిల్లాలో రోజుకు ఒక రూపాయి దాచే పొదుపు సంఘాలు పుట్టినవి. ఆ రూపాయి నుంచి రాష్ట్రమంతా పొదుపు ఉద్యమం లేచింది. మరో పక్క, ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడికి ప్రాణాలు తీసుకున్నవారి వార్తలు వచ్చి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. చిన్న అప్పు అనేది ఒకే పనిముట్టు. దాని వెనుక ఉన్న మనసును బట్టి అది నిలబెడుతుంది, లేదా పడగొడుతుంది.

మరి మన సంఘం చేయగలిగిందేమిటి? ఖర్జె హసనా నిధికి ప్రతి ఇల్లూ నెలకు ఇంత అని వేయాలి. జకాత్ వేరు, ఈ నిధి వేరు అని రెండు పుస్తకాలు ఉండాలి. అప్పు ప్రతిదీ సాక్షులతో రాసుకోవాలి. ఖురాన్‌లో అన్నిటికంటే పొడుగైన ఆయతు అప్పును రాసుకోవడం గురించేనని అందరికీ తెలిసిందే. తీసుకున్నవారు ఖర్జె హసనా అంటే ఖైరాత్ అనుకోరాదు. ఒకరు ఎగవేస్తే సంఘం పెద్దలకు కాదు, వరుసలో వెనుక నిలబడ్డ మరొక ఇంటికి నష్టం. నిజంగా కట్టలేనివాడికి గడువు ఇవ్వాలి, కట్టగలిగి కట్టనివాడిని గట్టిగా అడగాలి. పక్కింటి హిందూ సోదరుడు కష్టంలో ఉంటే అతడికి కూడా ఈ తలుపు మూసి ఉండరాదు. మదీనా ఒడంబడిక ఒక్క మతం వాళ్ళ కోసం రాసుకున్నది కాదు.

చివరి రోజులు

హమీదుల్లా సాహెబ్ డబ్బును ఎలా చూశారో చెప్పి ముగిస్తాము. 1985లో పాకిస్తాన్ ప్రభుత్వం హిలాలె ఇమ్తియాజ్ అనే బిరుదుతో పాటు పెద్ద మొత్తం ఇచ్చింది. ఆయన ఆ సొమ్మును ఇస్లామాబాదులోని పరిశోధన సంస్థకే ఇచ్చివేశారు. తాను మాత్రం ఆ పై అంతస్తు వాటాలోనే, మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉండిపోయారు. వడ్డీ వద్దని రాసినవారు చాలామంది. డబ్బు మీద ఆశే వద్దని బతికి చూపినవారు కొద్దిమంది.

1996లో ఆరోగ్యం చెడగా బంధువులు ఆయన్ను అమెరికాకు తీసుకుపోయారు. 2002 డిసెంబరు 17వ తేదీన ఫ్లోరిడా రాష్ట్రంలోని జాక్సన్‌విల్ పట్టణంలో, 94 ఏళ్ళ వయసులో ఆయన పరమపదించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పాతనగరంలో పుట్టిన మనిషి మట్టి అంత దూరాన కలిసింది. ఆయన వెనుక ఇల్లు లేదు, ఆస్తి లేదు, సంతానం లేదు. పుస్తకాలు ఉన్నవి, తండ్రి నాటి అంజుమన్ పాఠం ఉన్నది.

సంఘంలోని ఏ ఇంటి ఆడబిడ్డ నగ అయినా తాకట్టు అంగడికి పోకుండా మన నిధి ఆపగలిగిన రోజున ఆ పాఠం మన తీరానికి చేరినట్లు. అల్లాహ్ ఆయనకు జన్నతులో ఉన్నత స్థానం ప్రసాదించు గాక. మనకు ఇచ్చే చెయ్యినీ, తీసుకున్నది తిరిగి కట్టే నిజాయితీనీ ప్రసాదించు గాక. ఆమీన్.